సవరణ: మొక్కజొన్నలో పుష్-పుల్ పద్ధతి గురించి

కెన్యా రైతుల పుష్-పుల్ సాగు (పురుగును ఒక మొక్కతో పైరు నుంచి తరిమి, మరో మొక్క వైపు లాగే పద్ధతి) గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. నేపియర్ గడ్డిని మొక్కజొన్న సాళ్ల మధ్య, డెస్మోడియం అనే పప్పుజాతి మొక్కను పొలం చుట్టూ వేస్తారని రాశాను. అది తలకిందులు. సాళ్ల మధ్య వేసేది డెస్మోడియం, చుట్టూ వేసేది నేపియర్. ఎవరైనా నేను రాసినట్టే వేస్తే నేపియర్ పొలమంతా అల్లుకుని మొక్కజొన్నను మింగేస్తుంది. అందుకే క్షమించమని అడుగుతూ సరిదిద్దుతున్నాను.

నైరోబీలోని అంతర్జాతీయ కీటక పరిశోధన కేంద్రం, బ్రిటన్‌లోని రోథంస్టెడ్ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1990లలో స్థానిక సంస్థలతో కలిసి రూపొందించిన పద్ధతి ఇది. మొక్కజొన్న కాండం తొలిచే పురుగుల తల్లులైన రెక్కల పురుగులు నేపియర్ మీద గుడ్లు పెడతాయి. పిల్ల పురుగు కాండంలోకి తొలవగానే గడ్డి జిగురు కారుస్తుంది, చాలావరకు అందులోనే చిక్కి చస్తాయి.

స్ట్రైగా అనే కలుపు డెస్మోడియం వాసనకు చస్తుందన్నట్టు రాసిందీ సరి కాదు. ఆ ఊదా పూల కలుపు మొక్కజొన్న వేర్లను పట్టుకుని పీల్చేస్తుంది. డెస్మోడియం వాసనకు అది చావదు. డెస్మోడియం వేర్ల నుంచి ఊరే పదార్థాలు స్ట్రైగా విత్తనాన్ని మొలిపించి, మొక్కజొన్న వేరుకు అతుక్కోనివ్వవు. అతుక్కోకపోతే తిండి లేక చస్తుంది.

పురుగును డెస్మోడియం వాసనే తరుముతుందని ఖాయంగా రాయడం కూడా తొందరపాటే. దాని ఆకుల కొక్కేల్లాంటి నూగులో పిల్ల పురుగులు చిక్కుకుంటాయని ఈమధ్య పరిశోధనలు అంటున్నాయి, చర్చ ఇంకా నడుస్తోంది.

నేపియర్, డెస్మోడియం రెండూ పశువులకు మేతే. పాడి ఉన్న చిన్న రైతుకు ఇదే పెద్ద ఆసరా, ఈ మాట అప్పుడే రాసి ఉండాల్సింది.