కలగూరగంప రూలు గారికి, నెల్లూరు నుంచి

మహారాజశ్రీ కలగూరగంప రూలు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఒక్కో ఆట నుంచి ఒక్కో రూలు ఏరి తెచ్చి కలిపేసే అలవాటుకు మేం పెట్టుకున్న పేరే మీరు. మీరు మా మిద్దెక్కినప్పటి నుంచి ఇక్కడ కుశలం ఒక్కటే కరువైంది.

పొదలకూరు రోడ్డులో మా మిద్దె మీద ఆదివారం రాత్రుళ్ళు నలుగురం చేరి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకునేవాళ్ళం. 1974లో పుట్టిన ఆట. కథ నడిపేది నేను, గేమ్ మాస్టర్ అంటారు; మిగతావాళ్ళు అందులో తలా ఒక పాత్ర. ఇరవై ముఖాల డైస్ వెయ్యి, నీ బలం ఎంతో కలుపు, చెప్పిన అంకె గానీ అంతకు మించి గానీ వస్తే పని అయినట్టు. మా అమ్మకు కూడా అర్థమైంది. మా బావమరిదికే బోరు కొట్టింది.

"ఇందులో అంతా అదృష్టమే బావా. గర్ప్స్ అని ఇంకో ఆటలో అయితే ఆరు ముఖాలవి మూడు వేస్తారంట, మధ్య అంకెలే ఎక్కువ పడతాయంట. ఆ ఒక్కటీ తెచ్చుకుందాం" అన్నాడు. ఆ "ఒక్కటీ" అన్న మాట చెవిన పడగానే కదండీ తమరు చెప్పులు విప్పి లోపలికొచ్చింది!

మూడు డైస్ వేస్తే ఎంత పడినా 18కి మించదు. "20 పడితే దెబ్బ రెట్టింపు" అన్న పాత రూలు మాత్రం అట్టాగే ఉంచుకున్నాం. మూడు వారాలు ఆ 20 కోసం కాచుక్కూర్చున్నాం. చివరికి మా తమ్ముడు వేళ్ళ మీద లెక్కేసి, "అన్నా, అది ఈ జన్మకు పడదు" అన్నాడు.

అది చిన్న తప్పు, నవ్వుకుని దిద్దుకున్నాం. కంటికి కనబడనిది ఇంకోటి ఉంది. 11 కావాల్సిన చోట ఇరవై ముఖాలదానికైనా, ఈ మూడింటికైనా అవకాశం సగానికి సగమే. మంచి కత్తి చేతికొస్తే 2 కలుపుకోవాలి. పాత డైస్‌తో ఆ 2 మా అవకాశాన్ని 50 నుంచి 60 శాతానికి తెచ్చేది. మూడు డైస్‌తో అదే కత్తి 74కి ఎక్కించింది. కత్తి అదే, దాని మీద రాసిన అంకె అదే, అంకె విలువ మాత్రం మేం చూస్తుండగానే మారిపోయింది. ఈ సంగతి తమరు ముందే చెప్పి ఉండొచ్చు కదా!

తర్వాత సావేజ్ వరల్డ్స్ అనే ఆట వంతు. అక్కడ నైపుణ్యం పెరిగేకొద్దీ డైస్ పెద్దదవుతుంది: నాలుగు ముఖాలు, ఆరు, ఎనిమిది. డైస్‌లో అన్నిటికన్నా పెద్ద అంకె పడితే మళ్ళీ వేసి కలుపుకోవచ్చు. మామూలు పనికి 4 వస్తే చాలు. ముఖ్యమైన పాత్రలకు పక్కన ఇంకో ఆరు ముఖాల డైస్ తోడుంటుంది. ఆ తోడు డైస్‌ను మేం వదిలేశాం. కావాల్సిన అంకె 6 అని పెట్టుకున్నాం. అప్పుడు ఆరు ముఖాలదానితో గెలిచే అవకాశం 17 శాతం లోపు. నాలుగు ముఖాలదానితో దాదాపు 19. నమ్మకపోతే కాగితం తీసుకోండి: ముందు 4 పడాలి, తర్వాత 2 గానీ అంతకు మించి గానీ పడాలి. పదహారింటికి మూడు. మా బావమరిది ఇది కనిపెట్టి, తన దొంగకు గోడలెక్కే నైపుణ్యం తగ్గించమని నాకు అర్జీ పెట్టుకున్నాడు. చదువు రాదని సర్టిఫికెట్ ఇప్పించమని తిరిగేవాణ్ణి మొదటిసారి చూశాను.

ఇక అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట నుంచి "7 నుంచి 9 దాకా పడితే పని అవుతుంది, ఏదో ఒకటి చెడుతుంది" అన్న రూలు తెచ్చుకున్నాం. అక్కడ ఆరు ముఖాల డైస్ రెండు వేస్తారు కాబట్టి ఆ మూడు అంకెలు నూటికి 42 సార్లు పడతాయి. ఆ ఆట రుచంతా అందులోనే ఉంది. దాన్ని తెచ్చి ఇరవై ముఖాలదానికి అతికిస్తే 15 సార్లకు వచ్చింది. కాల్ ఆఫ్ కథుల్హు అనే ఆట నుంచీ తెచ్చుకున్నాం: అక్కడ చిన్న అంకె పడితే మంచిది, మా పాత ఆటలో పెద్దది పడాలి. 3 పడితే ఒకడు ఎగిరి గంతేశాడు, ఇంకొకడు తల పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే జట్టు.

మా ఊళ్ళో రొట్టెల పండగ మీరు చూసే ఉంటారు. స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె అని ఎవరికి కావాల్సింది వాళ్ళు అడిగి తీసుకుంటారు. అన్నిట్లో తలా ఒక తుంపు తుంచి ముద్ద చేసుకుని తినేవాణ్ణి నేను చూడలేదు.

పోయిన ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. కథ ఉదయగిరి కోటలో. 1514లో ఆ కోట లొంగేదాకా కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడి వేశాడంటే ఆశ్చర్యపోయేవాణ్ణి. మా దొంగను చూశాక ఆ ఆశ్చర్యం పోయింది. వాడు గోడ ఎక్కాలి, అంతే. ఏ డైస్ వెయ్యాలన్నదాని మీద తొమ్మిదిన్నరకు మొదలైన వాదన పదిన్నరకు కూడా తెగలేదు. ఈలోపు కరెంటు పోయింది. సెల్‌ఫోన్ లైటు వెతుక్కుంటూ లేచి నాలుగు ముఖాల డైస్ తొక్కాను. పల్లేరుకాయ నయం.

నా అరుపుకు అమ్మ పైకొచ్చింది. "ఏందిరా, ఆ దొంగ ఇంకా గోడ ఎక్కలా?" అని, కొంగు ముడి విప్పి నాలుగు చింతపిక్కలు తీసింది. ఒక వైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసినవి, అష్టాచెమ్మా పిక్కలు. "నాలుగూ తెల్లగా పడితే చెమ్మా. నాలుగూ నల్లగా పడితే అష్టా. ఏది పడినా ఎక్కినట్టు. లేదంటే పడి కాలిరిగినట్టు. తర్వాత అందరూ పోయి పడుకోవాల." వేసింది. మూడు తెలుపు, ఒకటి నలుపు. దొంగ కాలు విరిగింది. ఎవరూ నోరెత్తలేదు. ఆరు నెలల్లో మేం పదకొండు లోపు నిద్రపోయింది ఆ ఒక్క ఆదివారమే.

కాబట్టి తమరు దయచేయవచ్చు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
తమ వల్ల నష్టపోయిన గేమ్ మాస్టర్

తా.క.: పొద్దున బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అష్టా పడితే ఇంకోసారి వెయ్యొచ్చు కదా, అది సావేజ్ వరల్డ్స్ రూలే! పిక్కలు నాలుగు కాకుండా ఎనిమిది చేసుకుని తెల్లవి లెక్కపెడదామా?" అన్నాడు. గట్టిగా తిట్టి పెట్టేశాను. మిగతా నాలుగూ ఇప్పుడే అరగదీస్తున్నాను. రెండు అయ్యాయి. ఆదివారం కాస్త పెందలాడే రండి.