ఎయిర్ క్లీనర్ పీకేయమంటున్న ఆ మెసేజీకి నా జవాబు

నెల రోజుల్లో ఒకే మెసేజీ నాకు పదకొండు సార్లు వచ్చింది. సాలూరు నుంచి బావ పంపాడు, జయపురంలో ఉన్న మా పిన్ని కొడుకు పంపాడు, నిన్న ఒడిశా కొరాపుట్ జిల్లా సెమిలిగుడ వ్యాన్ల స్టాండు గ్రూపులో మళ్లీ ఎవరో పెట్టారు. "పాత వ్యాన్ ఉందా? ఇంజిన్‌కి ఊపిరి ఆడనివ్వండి, లీటరుకు 5 కిలోమీటర్లు అదనం" అని మొదలవుతుంది. కింద ఐదు చిట్కాలు: ఎయిర్ క్లీనర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని వడకట్టే డబ్బా) తీసేసి పల్చటి గుడ్డ కట్టమని, డబ్బాకి రంధ్రాలు వేయమని, పైపులో రేకు ఫ్యాను పెట్టమని, కాగితం ఫిల్టర్‌ని వారం వారం సబ్బు నీళ్లతో కడగమని, గాలి పైపును బానెట్ ముందుకు లాగమని. మనవాళ్లు ఇద్దరు ఇప్పటికే చేసేశారు. అందుకే ఇంత రాస్తున్నాను.

రేకు ఫ్యాను సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పైపులో గాలిని సుడి తిప్పినా, మలుపులు తిరిగి వాల్వు దాటేసరికి ఆ సుడి మిగలదు. మిగిలేది గాలికి అడ్డం. రెక్క ఊడితే నేరుగా ఇంజిన్‌లోకే పోతుంది. ఇలాంటి ఇంధనం ఆదా పరికరాలను అమెరికా పర్యావరణ సంస్థ వందకు పైగా పరిశీలించింది. చెప్పుకోదగ్గ ఆదా ఇచ్చేది ఏదీ దొరకలేదు.

డబ్బాకి రంధ్రాలంటారా, ఫిల్టర్‌కి ముందు వేస్తే బానెట్ కింది వేడి గాలి పోతుంది. తర్వాత వేస్తే ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

అసలు గాలి పెంచితే మైలేజీ ఎలా పెరుగుతుంది? పాత డీజిల్ వ్యాన్‌లో యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది డీజిల్, గాలి కాదు. ఎంత డీజిల్ పోవాలో డీజిల్ పంపు చూసుకుంటుంది. మామూలుగా నడిచేటప్పుడు కాలడానికి కావలసినదానికన్నా ఎక్కువ గాలే లోపలికి పోతోంది. దానికి ఇంకాస్త కలిపితే ఏమొస్తుంది?

ఇక గుడ్డ. దీని మీదే నాకు కోపం. రెండు లీటర్ల ఇంజిన్ 2,500 ఆర్‌పీఎంలో (నిమిషానికి 2,500 చుట్లు) తిరిగితే నిమిషానికి దాదాపు 2,500 లీటర్ల గాలి పీలుస్తుంది. లీటరు డీజిల్ కాలాలంటేనే తక్కువలో తక్కువ పది వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలి ఎక్కడిది? పొట్టంగి లోపలి రోడ్ల మీద, ముందు కంకర చిప్స్ లారీ పోతుంటే అద్దం కూడా కనబడనివ్వని ఎర్ర దుమ్ములోది. ఆ దుమ్ములో ఉండే ఇసుక రేణువు ఇనుముకన్నా గట్టిది. గుడ్డ ఆపేది ఈగలను, ఆకులను. సన్న దుమ్మును ఆపదు. గుడ్డ చాలితే లారీలకు అంతంత ఎయిర్ క్లీనర్లు ఎందుకు బిగిస్తారు? ఇది కంపెనీలు ఫిల్టర్లు అమ్ముకోవడానికి దాచిన రహస్యమట, మెసేజీ చెప్తోంది! ఆ రహస్యం నమ్మినవాడి ఇంజిన్ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

మా వీధిలో కుర్రాడు, కూరగాయల ట్రిప్పులు కొడతాడు. ఒక్క వేసవి గుడ్డతో నడిపాడు. ఇంజినాయిలు ఎంతుందో చూసే డిప్‌స్టిక్ లాగితే అక్కడినుంచే పొగ, వెనక నీలం పొగ, వారం వారం ఇంజినాయిలు పోయాల్సి వచ్చేది. సాలూరులో ఇంజిన్ పైమూత, అంటే హెడ్డు, విప్పారు. మెకానిక్ నా వేలు పట్టుకుని సిలిండర్ పైఅంచు కింద పెట్టించాడు. గోరుకు మెట్టులా తగిలింది, అంత అరిగిపోయింది. గోడంతా నిలువు గీతలు. పిస్టన్ రింగుల అంచులు బ్లేడులా ఉన్నాయి. గాలి పోయే పైపు లోపల తెల్ల గుడ్డతో తుడిస్తే ఇటుక రంగు వచ్చింది. డీజిల్‌లో రోజుకు వంద మిగులుతుందని చేశాడు, అరిగిన సిలిండర్ బోరు పనికి అప్పు చేశాడు. మెసేజీ పంపినవాళ్లలో ఒక్కరైనా ఆ అప్పులో రూపాయి వేస్తారా?

ఫిల్టర్ కడగడమూ దాదాపు అంతే చెడ్డది. కాగితం తడిస్తే ఉబ్బుతుంది, మడతల దగ్గర చిరుగుతుంది. చీకట్లో లోపల టార్చి పెట్టి చూడండి, సూది మొన అంత వెలుగు కనిపించినా పారేయాలి. కాస్త దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదానికన్నా బాగా వడకడుతుంది కాబట్టి ఊరికే విప్పి దులపకండి.

అలాగని పూర్తిగా మూసుకుపోయినదాన్ని ఉంచుకోమని కాదు. పెట్రోలును గాలిలో కలిపే కార్బురేటర్ ఉన్న పాత మారుతి వ్యాన్‌కి అలాంటిది మారిస్తే మైలేజీ కొద్ది శాతం పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కొత్తరకం ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో మాత్రం మూసుకుపోయినా తగ్గేది పికప్పే, మైలేజీ కాదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి చెప్పింది.

గాలి పైపును ముందుకు లాగమన్న ఐదో చిట్కాలో మాత్రం కొంత నిజం ఉంది. గాలి 30 డిగ్రీల బదులు 60 డిగ్రీల్లో పోతే దాదాపు తొమ్మిది శాతం పలచబడుతుంది. నా బండిలో ఎయిర్ క్లీనర్‌కి ముందున్న పైపు చిరిగి, సైలెన్సర్ పక్క వేడి గాలి పీలుస్తుండేది. కొత్త హోసు వేసి గ్రిల్ వెనక్కి తెచ్చాను. సుంకి ఘాట్‌లో రెండో గేరు మీద వచ్చే నల్ల పొగ బాగా తగ్గింది. మైలేజీలో తేడా నాకు తెలియలేదు. పైపు మూతి మాత్రం కిందికి పెట్టకండి, వానాకాలం నీళ్లు పీల్చిందంటే పిస్టన్‌కి బిగించిన కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఘాట్‌లో బండి లాగదన్న బాధ నాకూ ఉంది. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదానికంటే సుమారు పదో వంతు తక్కువ. ఫిల్టర్ తీసినంత మాత్రాన అది తిరిగి రాదు. డీజిల్ చిమ్మే నాజిళ్లు, పంపు చూపించండి, వాల్వుల ట్యాపెట్లు సరిచేయించండి, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చక్రం తిప్పి చూడండి.

బావా, నీ బండికి ఆ గుడ్డ ఇంకా ఉందని అక్క చెప్పింది. రేపు ట్రిప్పు ఎత్తకముందే పైపు విప్పి, లోపల తెల్ల గుడ్డతో తుడిచి ఫొటో పెట్టు. ఫిల్టర్ నేను కొనే ఉంచాను, సాయంత్రం సాలూరు వస్తున్నాను.