తవ్వకాల నిపుణుడు జేసీబీ గారు

ఓరుగల్లు చరిత్ర మీద ఇప్పుడు ఎవరు పరిశోధన చేస్తున్నారని అడిగితే తడుముకోకుండా చెప్పొచ్చు: జేసీబీ గారు. పురావస్తు పండితులు బ్రష్షుతో నెలల తరబడి దులిపే మట్టిని, డ్రైనేజీ పైపు పేరు చెప్పి ఆయన మధ్యాహ్నం టీ లోపల తేల్చేస్తారు. కాకతీయుల పొర, నిజాం పొర, మొన్నటి గుట్కా ప్యాకెట్ల పొర, అన్నీ ఒకే కుప్ప.

ఖిలా వరంగల్‌లో రాతికోట లోపలే జనం ఇళ్లు కట్టుకుని ఉంటున్నారు. చుట్టూ మట్టికోట ఉంది. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో కూలిన రాజధాని ఇది. అయినా రాయి తగిలిన ప్రతిసారీ కాంట్రాక్టర్ ఈ ఊళ్లో కోట ఒకటుందని అప్పుడే విన్నట్టు నోరు తెరుస్తాడు.

తల లేని విగ్రహం ఒకటి బయటపడిందనుకోండి. అయిదు నిమిషాల్లో లంకెబిందెలని పుకారు పుడుతుంది. పది నిమిషాల్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ఆడా మగా తేలకముందే అమ్మవారని ఒకరు, కాదు వీరభద్రుడని ఇంకొకరు. సాయంత్రానికి ఫ్లెక్సీ: విగ్రహానికి తల లేకపోయినా, నాయకులవి మాత్రం పదకొండు తలలు. ఈ సందడిలో మేస్త్రి ఒక్కడే నిబ్బరంగా ఉంటాడు. "పాత రాయే గద సార్, జర పక్కకు నూకి పైపు ఏస్తే అయిపాయె." సార్‌కు బిల్లు టెన్షన్. రాత్రి లైట్లు పెట్టి మరీ గుంత పూడుస్తారు. మామూలు రోజుల్లో ఆర్నెల్లయినా పూడని గుంత అది!

చట్టం లేదా అంటే, 1878 నాటిదే ఉంది. భూమిలో పది రూపాయలు దాటిన నిధి దొరికితే ఆ సంగతి కలెక్టర్‌కు రాసి తెలపాలి. మన కాంట్రాక్టర్ల లెక్కలో కాకతీయ శిల్పం ఖరీదు తొమ్మిది రూపాయలు కాబోలు. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధమని 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో సవరణ కూడా తెచ్చారు. ఆ సంగతి బోర్డు మీద రాసి పాతారు. బోర్డు తుప్పు పట్టింది.

నవ్వింది చాలు. శాసనం రాయిని బకెట్ పళ్లతో రెండు ముక్కలు చేస్తే పోయేది రాయి కాదయ్యా. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ పొలం ఎవరికిచ్చారు, ఆ మాట పోతుంది. ఆ రాయి ఏ గోడ పక్కన, ఎంత లోతులో, వేటి మధ్య పడి ఉందో రాసుకోకుండా పెకిలిస్తే మ్యూజియంలో పెట్టినా అది అనాథే. కాకతీయ తోరణాన్ని రాష్ట్ర ముద్ర మీద వేసుకున్నాం, రోడ్డు డివైడర్ల మీద సిమెంటుతో పోసుకున్నాం. అసలు తోరణం కట్టినవాళ్ల రాళ్ల మీద డ్రైనేజీ పారిస్తున్నాం. సిగ్గుండాలి. తవ్వే ముందు చూడ్డానికి ఒక్క మనిషిని గుంత దగ్గర నిలబెట్టలేరా? పైపుకు పెట్టే ఖర్చులో ఆయన జీతం ఎంత?

వచ్చే వారం ఇంటర్నెట్ కేబుల్ వాళ్లు అదే రోడ్డు మళ్లీ తవ్వుతారట. తల దొరకొచ్చు.