డెబ్బై ప్రశ్నల దొరగారికి

మహారాజశ్రీ శారీరక స్వీయభావన ప్రశ్నావళి గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఆ ఒక్క మాటతో మా దగ్గర ఆరోగ్యం సంగతి అయిపోయినట్టే. తమ ఒంటి గురించి తాము ఏమనుకుంటున్నారో జనాన్ని అడిగే మీరు మాత్రం దానికే ఎనిమిది ప్రశ్నలు పెట్టుకున్నారు. 1994లో ఆస్ట్రేలియాలో మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ మార్ష్ గారి బృందం చేతుల్లో పుట్టారు. బలం, అందం, కొవ్వు, దమ్ము అంటూ 11 పద్దులు, మొత్తం 70 వాక్యాలు, ఒక్కోదానికి 'అస్సలు కాదు' నుంచి 'ముమ్మాటికీ నిజం' దాకా ఆరేసి గళ్ళు. 2002 నాటికి స్పెయిన్, టర్కీ పిల్లల దగ్గర కూడా నెగ్గుకొచ్చారు. ఆ ధైర్యంతోనే కాబోలు మా ఇంటికొచ్చారు.

తెచ్చింది మా మేనకోడలు. వ్యాయామ విద్యలో ఎం.పి.ఈడీ. చదువుతోంది. మిమ్మల్ని తనే తెలుగు చేసి, "మామయ్యా, అర్థమవుతోందో లేదో నింపి చూడు" అంది.

బాగానే అర్థమైంది. చిక్కంతా అక్కడే. "నాకు కొవ్వు ఎక్కువ" అని ఉంది. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ, "అది రాసి కూడా ఇవ్వాలా? ఊరంతా ఎరిగిందేగా" అంది. తర్వాతది, "నేను ఒళ్ళు బాగా వంచగలను." మీరడిగింది నడుము వంగుతుందా అని. తెలుగులో అది పని చేస్తావా అని. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా చేతిలో పెన్ను లాక్కుని, మొదటి గడిలో టిక్కు పెట్టి వెళ్ళింది. అనువాదాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషు చేయించి సరిచూడడం మీ పద్ధతట కదా. చేయించండి, పొగరుబోతు సోమరినని తేలతాను. మేనకోడలు పాపం మళ్ళీ రాస్తోంది.

జబ్బు చేయడం అరుదు అన్న వాక్యానికి నా నిజం 6. పెన్ను ఆ గడి మీద పెట్టానో లేదో, "అలా అనకురా, దిష్టి" అంది అమ్మ. మూడుకి దిగాను. మీ లెక్కలో ఇప్పుడు సగం రోగిని.

నా ఈడువాళ్ళకంటే బలవంతుణ్ణా? ఏ ఊళ్ళో ఈడువాళ్ళు? లిఫ్ట్ పాడైన రోజు 25 కిలోల బియ్యం బస్తా మూడో అంతస్తుకి మోస్తే మా అపార్ట్‌మెంట్‌లో చప్పట్లు కొట్టారు. మా ఊళ్ళో నా ఈడువాళ్ళు 75 కిలోల ధాన్యం బస్తాలు వీపున వేసుకుని లారీకెక్కిస్తారు. ఇక్కడ నింపితే 5, అక్కడ నింపితే 2. కండ అదే. నా రెండు ఊళ్ళకే పొత్తు కుదరకపోతే, దేశాల మార్కులు పక్కపక్కన పెట్టి ఎవరికి తమ ఒంటి మీద నమ్మకం ఎక్కువో ఎలా తేలుస్తారండీ? ఒక వాక్యం అన్నిచోట్లా ఒకే సంగతిని కొలుస్తోందని ముందు రుజువు కావాలని మీవాళ్ళే అంటారు.

అందం పద్దు వదిలేశాను. పెళ్ళిచూపుల్లోనే ఆ మార్కులు వేరేవాళ్ళు వేసేశారు.

ఇట్లు,
మీ సగం నింపిన కాగితం

తా.క.: 2010లో మిమ్మల్ని 40 ప్రశ్నలకి కుదించారని చెబితే, అమ్మ ఈనెలు తీయడం ఆపి, "అయ్యో, అంతలా చిక్కిపోయారా! వేళకి తింటున్నారో లేదో అడుగు" అంది.