బోర్డే పోయింది బావా!

రాత్రి రెండింటికి వంటింట్లోంచి కీచుమని మోత మొదలైంది. దొంగయితే ఇంత చప్పుడు చేసుకుంటూ రాడు కదా అని ధైర్యం చెప్పుకుని వెళ్ళి చూస్తే, ఓవెన్. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టైమ్ కనపడాల్సిన చోట 'ఎఫ్3' అని వెలిగి ఆరుతోంది. ఆఫ్ బటన్ నొక్కాను. ఊరుకుంది. నేను గుమ్మం దాటగానే మళ్ళీ అందుకుంది. చంటిపిల్లల్ని నిద్రపుచ్చినవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది.

"ఆ ఎఫ్3 అంటే ఏంటో పుస్తకంలో చూడండి" అంది మా ఆవిడ దుప్పట్లోంచే.

ఓవెన్‌తో వచ్చిన పుస్తకాన్ని ఇంటికి తెచ్చిన రోజే ఎక్కడో భద్రంగా పెట్టాను. మా ఇంట్లో భద్రంగా పెట్టిన వస్తువు మళ్ళీ కనపడదు. కాబట్టి పుస్తకంతో పనిలేనట్టు ఓ నవ్వు నవ్వి ఇంటి కరెంటు మెయిన్ స్విచ్‌ల దగ్గరికి వెళ్ళాను. ఓవెన్ బ్రేకర్ ఏదో తెలియక నాలుగు దించాను. ఓవెన్ నోరు మూసుకుంది. ఫ్యానూ ఆగింది. దుప్పట్లోంచి ఇంకో రెండు మాటలు వినపడ్డాయి, అవి ఇక్కడ అనవసరం.

కాసేపాగి బ్రేకర్లు ఎత్తితే ఓవెన్ బుద్ధిగా టైమ్ చూపించింది. గెలిచాననుకున్నాను. పొద్దున్నే ఎఫ్3 మళ్ళీ హాజరు.

బావమరిదికి ఫోన్ చేశాను. వాడికి ఏ యంత్రం గురించి చెప్పినా రోగం ఒక్కటే. "బోర్డే పోయింది బావా." అంటే యంత్రం లోపలి సర్క్యూట్ బోర్డు. కారు స్టార్ట్ కాకపోయినా బోర్డే, టీవీలో బొమ్మ రాకపోయినా బోర్డే. ఆ మధ్య నాకు మోకాలు నొప్పి అంటే కూడా ఓ క్షణం ఆగి ఏదో అనబోయాడు.

అయినా చూడకుండా నమ్మకూడదని స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ఆఫ్ బటన్ నొక్కి పని మొదలుపెట్టబోతుంటే మా ఆవిడ, "ఆఫ్ చేస్తే టైమ్ ఎలా చూపిస్తోంది?" అంది. నిజమే. గడియారం వెలుగుతోందంటే బోర్డుకి కరెంటు వస్తున్నట్టే. ఓవెన్ ఆఫ్ అంటే హీటర్లకి సెలవు, అంతే. ఈసారి సరైన బ్రేకర్ దించాను. ఈ కథంతా ఇలా చెప్పుకోగలుగుతున్నానంటే ఆ ప్రశ్న పుణ్యమే.

పై ప్యానెల్ విప్పితే బోర్డు బయటపడింది. వైర్లు పీకే ముందు ఫొటో తీసుకోవాలని తెలుసు కాబట్టి తీశాను. తర్వాత చూస్తే అందులో నా బొటనవేలు చాలా స్పష్టంగా పడింది. దాని వెనకాల ఎక్కడో వైర్లు ఉన్నాయి.

చెడిన బోర్డు సాధారణంగా కంటికే తెలుస్తుంది. కరెంటు నిలవ చేసే బుల్లి డబ్బా, అదే కెపాసిటర్, తల ఉబ్బుతుంది. వేడెక్కీ చల్లారీ, హీటర్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్, అదే రిలే, దాని కాళ్ళ దగ్గర సోల్డర్ (అతికించిన లోహం) చుట్టూ సన్నటి పగులు వస్తుంది. ఒక్కోసారి రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి, ఆపినా హీటర్ ఆగదు. నా బోర్డు మీద ఉబ్బు లేదు, పగులు లేదు. కానీ ఓ మూల గోధుమరంగు మరక ఉంది. "కాలిపోయింది!" అని కేకేశాను. బావమరిది ఫోన్‌లోంచే, "నేను చెప్పలా?" అన్నాడు. కెపాసిటర్లు కదలకుండా ఫ్యాక్టరీలో పెట్టే జిగురు పాతబడితే సరిగ్గా ఆ రంగుకే వస్తుందని అప్పటికి మా ఇద్దరిలో ఒక్కడికీ తెలియదు.

కొత్త బోర్డు తెప్పించాను. వైర్లన్నీ బిగించాను (ఫొటో అయితే ఏం సాయం చేయలేదు). బ్రేకర్ ఎత్తాను. కొత్త డిస్‌ప్లే తళతళలాడింది. ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తుండగా 'ఎఫ్3' అంది. పాత బోర్డు కంటే గట్టిగా, స్పష్టంగా అంది.

"కొత్తది కూడా పోయినట్టుంది బావా" అన్నాడు మా వాడు.

ఫోన్ పెట్టేశాను.

మళ్ళీ బ్రేకర్ దించి ప్యానెల్ విప్పుతుంటే, లోపలి రేకుకి మడతపెట్టి అతికించిన కాగితం ఒకటి చేతికి తగిలింది. మెకానిక్‌ల కోసం కంపెనీ పెట్టే టెక్ షీట్. ఇన్నాళ్ళూ అది ఓవెన్ కడుపులోనే ఉంది. ఎఫ్3 ఎదురుగా రాసి ఉంది: సెన్సార్ (ఓవెన్ వేడి కొలిచేది) సర్క్యూట్ తెగింది. కింద ఇంకో ముక్క: బోర్డు మార్చే ముందు సెన్సార్, వైర్లు పరీక్షించండి. ఆ వాక్యం నాకోసమే రాసినట్టుంది, కాస్త ఆలస్యంగా అందింది. ఈ కోడ్ అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. ఒకరి ఎఫ్3 ఇంకొకరికి ఇంకేదో. మా ఓవెన్ మాత్రం మొదటి రాత్రి నుంచీ నిజమే చెబుతోంది పాపం.

కరెంటు దారులు కొలిచే మల్టీమీటర్ తీశాను. బోర్డు వైపు నుంచి సెన్సార్ వైర్లు కొలిస్తే 'ఓఎల్' అంది, అంటే దారి తెగిపోయింది. సరే, సెన్సారే పోయిందనుకుని ఓవెన్ని ముందుకు లాగి, వెనక సెన్సార్ దగ్గరే నేరుగా కొలిచాను. 1,093 ఓమ్స్. అది సున్నా డిగ్రీల దగ్గర 1,000 ఓమ్స్ ఉండి, ఒక్కో డిగ్రీకి దాదాపు 3.85 ఓమ్స్ పెరిగే రకం. గదిలో 24 డిగ్రీలు. అంటే సెన్సార్ నిక్షేపంలా ఉంది.

బోర్డు బాగుంది, సెన్సార్ బాగుంది. మధ్యలో రెండు వైర్లని కలిపే గోరంత ప్లగ్గులో ఒక పిన్ను నల్లగా మాడిపోయింది. ఈ గోల మొదలయ్యే ముందు రోజే నేను సెల్ఫ్ క్లీన్ పెట్టి, లోపలి జిడ్డంతా బూడిదయ్యేదాకా మురిసిపోయాను. అప్పుడు ఓవెన్ లోపల వేడి 480 డిగ్రీల దాకా వెళుతుంది. ఆ వేడికి పాత ప్లగ్గు తట్టుకోలేకపోయింది.

ప్లగ్గు కత్తిరించేసి వైర్లని పింగాణీ కనెక్టర్లతో కలిపాను. అక్కడ మామూలు టేపు చుడితే కరిగి కారిపోతుంది. బ్రేకర్ ఎత్తాను. రిలే 'టిక్' అంది, హీటర్ ఎర్రబడింది, ఎఫ్3 మాయమైంది.

కవర్ చింపిన బోర్డు వాపసు తీసుకోరట. అందుకే ఇప్పుడు మా ఓవెన్‌లో అక్కర్లేని కొత్త బోర్డు, అలమారలో ఏ తప్పూ చేయని పాత బోర్డు ఉన్నాయి.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది. "ఆ కాగితం జాగ్రత్తగా పెట్టారా?"

"ఓ, భద్రంగా పెట్టాను."

"ఎక్కడ?"

"ఎక్కడ దొరికిందో అక్కడే. లోపల పెట్టి పన్నెండు స్క్రూలూ బిగించేశాను."