క్యాషా, ఆరోగ్యశ్రీనా, ఇన్సూరెన్సా?

ఆగస్టులో మా చిన్నోడికి జ్వరం వచ్చి తగ్గలేదు. మూడో రోజు హనుమకొండలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది: "క్యాషా, ఆరోగ్యశ్రీనా, ఇన్సూరెన్సా?" పన్నెండేళ్లుగా ఆ మాట వినగానే నా చెయ్యి జేబులోకి వెళ్లేది, కంపెనీ ఇచ్చిన కార్డు బయటికొచ్చేది. ఆ రోజూ వెళ్లింది. కార్డూ ఉంది, చెల్లదంతే. జులై ఆఖరి శుక్రవారం నా ఉద్యోగం పోయింది, అదే రాత్రి ఆ కార్డూ పోయింది. "క్యాష్" అన్నాను.

డెంగీ. నాలుగు రోజులు ఉంచారు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ప్లేట్‌లెట్ల లెక్క. పిల్లాడు బాగానే ఉన్నాడు, ఇప్పుడు గల్లీలో క్రికెట్ ఆడి పక్కింటివాళ్లతో తిట్లు తింటున్నాడు. బిల్లు మాత్రం కంపెనీ ఆఖర్న లెక్క తేల్చి ఇచ్చిన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ పైసల్లోంచి కట్టాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

ఉద్యోగం పోయిందని కాదు నా కోపం. ప్రాజెక్టు అయిపోయింది, మా టీమ్ మొత్తాన్ని తీసేశారు, అది అందరికీ తెలిసిన కథే. ఆఖరి రోజు నాకొక చెక్‌లిస్ట్ ఇచ్చారు. ల్యాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు, పార్కింగ్ స్టిక్కర్. హెడ్‌సెట్ స్పాంజ్ చిరిగిందని కూడా రాసుకున్నారు. ఇన్సూరెన్స్ గురించి మాత్రం ఒకటే ముక్క: చివరి పనిదినంతో కవరేజ్ ముగుస్తుంది. నేను సంతకం పెట్టి, సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగాను.

ఆ కాగితంలో ఉండాల్సిన ఇంకో ముక్క ఉంది. కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీలో ఉన్న ఉద్యోగి, అతని కుటుంబ సభ్యులు, అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ నిబంధనల్లోనే ఉంది. దీన్ని మైగ్రేషన్ అంటారు. వాళ్లు మళ్లీ మన ఆరోగ్యం చూసి ఒప్పుకోవాలి, ప్రీమియం ఇక మనమే కట్టుకోవాలి, అది నిజమే. కానీ ఆపకుండా కవర్‌లో ఉన్న ఏళ్లు వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాలసీ తీసుకున్నాక కొన్ని జబ్బులకు పైసలు రాకుండా ఆగాల్సిన కాలంలో, కలుస్తాయి. ఈ సంగతి నాకు ఎవరు చెప్పారనుకున్నారు? ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర నిలబడి నేనే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి చెప్పాడు. చెప్పి, "సార్, కవర్ నడుస్తున్నప్పుడే అప్లై చేసుండాల్సింది" అన్నాడు. అప్పటికి పదకొండు రోజులు దాటింది.

హెడ్‌సెట్ స్పాంజ్ గుర్తున్నవాళ్లకు ఇది గుర్తుకు రాలేదు!

మా అమ్మకు 63 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. గ్రూప్ పాలసీలో మొదటి రోజు నుంచే అన్నీ కవర్ అయ్యేవి, అందుకే ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు కొత్త పాలసీ అంటే అమ్మ నిన్ననే పుట్టినట్టు లెక్క. మొదటి 30 రోజులు ఏ జబ్బుకూ రాదు, యాక్సిడెంట్‌కు తప్ప. అంటే ఆ నెల జ్వరం రావొద్దు, బండి గుద్దితే మాత్రం పర్వాలేదు. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాలి. ఇదే ఇంతకుముందు నాలుగేళ్లు ఉండేది, 2024లో గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించారు. సంతోషించాలేమో.

ఈ మాట అమ్మకు చెప్తే లెక్కేసుకుంది. "అంటే ఇంకా మూడు బతుకమ్మలు ఆడినంక గాని నా షుగర్‌కు పైసలియ్యరన్నట్టు. వద్దు బిడ్డా, నీకు నౌకరి దొరికినంక చూద్దాం తియ్" అంది. ఇక్కడే అందరం మోసపోతాం. ఆ మూడేళ్ల లెక్క మొదలయ్యేదే పాలసీ తీసుకున్న రోజు నుంచి. ఉద్యోగం వచ్చాక చూద్దామంటే, అది వచ్చి మళ్లీ పోయిన రోజు కూడా మనం మొదటి మెట్టు మీదే ఉంటాం.

ఇక ఏజెంట్ తమ్ముడు. మా బావకు తెలిసినవాడే, మంచివాడే. ఫారం నింపుతూ షుగర్ దగ్గర ఆగి "ఇది రాయకున్రి అన్నా, ప్రీమియం పెరుగుతది. ఐదేండ్లు గడిస్తే ఎవ్వరు అడగరు" అన్నాడు. దాంట్లో సగం నిజం ఉంది కాబట్టే ప్రమాదం. ఆపకుండా ఐదేళ్లు పాలసీ నడిచాక, అప్పుడు ఫలానాది చెప్పలేదని క్లెయిమ్‌ను కొట్టేయలేరు. కానీ మోసం చేశారని రుజువైతే ఆ రక్షణ లేదు. అమ్మ షుగర్ చీటీలు ఏళ్ల తరబడి ఉన్నాయి, తెలిసీ దాచాక దాన్ని ఇంకేమనాలి? పైగా ఆ ఐదేళ్ల లోపే ఆసుపత్రిలో పడితే? ప్రీమియం కట్టి, క్లెయిమ్ పోగొట్టుకుని, ఐసీయూ బయట కూర్చుని వీడికి ఫోన్ చేయాలి. షుగర్ రాయించాను, బీపీ రాయించాను, నాకు 2019లో వచ్చిన కిడ్నీలో రాయి కూడా రాయించాను. తమ్ముడు నన్ను హరిశ్చంద్రుణ్ణి చూసినట్టు చూశాడు. అన్నట్టు వాడు పంపిన కొటేషన్‌లో 18 శాతం జీఎస్టీ ఇంకా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. మీకూ ఎవరైనా పాత కాగితం పంపితే ఒకసారి చూసుకోండి.

సలహాలు ఇచ్చేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు కదా. "తెల్లకార్డు తీసుకోరాదూ" అన్నారు. 2011లో బాపు గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కిందే అయింది, ఒక్క పైసా కట్టలేదు. ఆ పథకాన్ని నేను చచ్చినా తిట్టను. 2023 డిసెంబర్ నుంచి కవరేజ్ పది లక్షలకు పెంచారు కూడా. కానీ నాకు ఉద్యోగం వచ్చాక ఆ కార్డు పోయింది. ఇప్పుడు మళ్లీ పెట్టుకుందామంటే పట్టణాల్లో ఉండేవాళ్లకు ఏడాది ఆదాయం రెండు లక్షల లోపు ఉండాలి. మీసేవలో అబ్బాయి కంపెనీ ఇచ్చిన నిరుటి జీతం, పన్ను లెక్కల కాగితం, అదే ఫారం 16, చూసి నవ్వాడు. నిరుడు జీతం చూస్తే నేను ఉన్నోణ్ణి, ఈ నెల చూస్తే లేనోణ్ణి. నా పిల్లాడికి జ్వరం వచ్చింది నిరుడు కాదు. పోనీ కార్డు ఉన్నవాళ్లయినా నిశ్చింతగా ఉన్నారా అంటే, 2025 సెప్టెంబర్‌లోనే ఆ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రభుత్వ బకాయిల కోసం సేవలు ఆపేసిన సంగతి చూశాం.

"ఎంజీఎం లేదా?" అన్నారు ఇంకొందరు. వరంగల్‌లో ఆ పెద్ద సర్కారు దవాఖాన ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి కూడా జనం దాని మీదే ఆధారపడి వస్తారు, ఆ వరండాల్లో ఒక రాత్రి పడుకున్నవాళ్లకు తెలుస్తుంది ఎంత భారం మోస్తోందో. పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021లో పునాది వేశారు. అటు పోయినప్పుడల్లా అంతస్తులు లెక్కపెడుతుంటాను. ఇప్పటికైతే అమ్మ షుగర్, బీపీ గోలీలు మా బస్తీ దవాఖానలోనే తెస్తున్నాం, అక్కడ పైసలు అడగరు. ఇన్నేళ్లు మందుల దుకాణంలో ఎందుకు పోశానా అనిపించింది.

అన్నిటికంటే గుచ్చుకున్నది మా బామ్మర్ది సంగతి. వాడు బట్టల షాపులో పనిచేస్తాడు, జీతం 20 వేలు. 21 వేల లోపు కాబట్టి ఈఎస్ఐ, అంటే చిన్న జీతాలవాళ్లకు ఉండే సర్కారు బీమా, ఉంది. వాడి జీతంలోంచి 0.75 శాతం, అంటే నెలకు 150 రూపాయలు కోస్తారు, యజమాని 3.25 శాతం వేస్తాడు. భార్యాపిల్లలతో పాటు, వాడి మీదే ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా వైద్యం. జబ్బు ముందే ఉందా తర్వాత వచ్చిందా అని ఎవరూ అడగరు. దసరాకు వచ్చినప్పుడు "బావా, నీది పెద్ద కంపెనీ కదా, నీకేం ఫికర్" అన్నాడు. వాడికింకా చెప్పలేదు నా నౌకరి పోయిందని.

చివరికి ఏం చేశానంటే, నాకు, మా ఆవిడకు, ఇద్దరు పిల్లలకు ఐదు లక్షల ఫ్లోటర్, అంటే అందరికీ కలిపి ఒకటే పాలసీ, తీసుకున్నాను. దాని మీద ఒక సూపర్ టాప్‌అప్. ఏడాదిలో బిల్లులు ఐదు లక్షలు దాటితే ఆ పైది అది చూసుకుంటుంది, అందుకే పెద్ద మొత్తానికి కూడా ప్రీమియం తక్కువ. అమ్మను మాత్రం ఆ ఫ్లోటర్‌లో కలపలేదు. కలిపితే ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి మొత్తం ప్రీమియం లేస్తుంది. ఆమెకు విడిగా ఆరోగ్య సంజీవని తీసుకున్నాను. 2020 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఒకే రూపంలో అమ్మాల్సిన పాలసీ అది. షరతులు ఎక్కడైనా అవే కాబట్టి ధర ఒక్కటీ పోల్చుకుంటే చాలు, ఏజెంట్ కథలు వినక్కర్లేదు. ప్రతి క్లెయిమ్‌లో ఐదు శాతం మనం పెట్టుకోవాలి, గది అద్దెకు పరిమితి ఉంది. గొప్పదేం కాదు. నా దగ్గర ఉన్న పైసలకు అది దొరికింది. అన్నీ కలిపి కట్టింది మా ఇంటి మూడు నెలల కిరాణా కంటే ఎక్కువే. మా ఆవిడ ఏమీ అనలేదు, గల్లా పెట్టెలోంచి చిట్టీ పైసలు తీసిచ్చింది.

వచ్చే ఉద్యోగంలో మళ్లీ కార్డు ఇస్తారు. తీసుకుంటాను. కానీ వీటిని ఆపను, కంపెనీ కార్డు నాది కాదని ఇప్పుడు తెలుసు.

మొన్న నా పాత టీమ్‌మేట్ ఫోన్ చేశాడు. వేరే ప్రాజెక్టులోకి మారి బతికిపోయాడనుకున్నాం, వాడికీ నోటీస్ ఇచ్చారట. వాళ్ల నాన్నకు స్టెంట్ వేసి ఏడాది కాలేదు. ధైర్యం చెప్పడం నాకు రాదు. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ అందరి మెంబర్ ఐడీలు ఈ రాత్రికే రాసి పెట్టుకో, మైగ్రేషన్ కావాలని హెచ్‌ఆర్‌కూ, ఇన్సూరెన్స్ వాళ్లకూ ఒకే మెయిల్ పెట్టు, ఫోన్‌లో అడగొద్దు అన్నాను. అప్పటికప్పుడే పెట్టాడు. నిన్న సాయంత్రం వరకు జవాబు లేదు. ఇంకా తొమ్మిది రోజులు టైమ్ ఉంది.