పాతికేళ్ల కొలువుకు ఒక కంచు రేకు

క్రీ.శ. 66లో యెరూషలేము రోమ్ మీద తిరుగుబాటు అంచున ఉంది. జనాన్ని ఆపడానికి రెండో అగ్రిప్ప రాజు చేసిన ప్రసంగాన్ని చరిత్రకారుడు జోసెఫస్ రాసిపెట్టాడు. అందులో ఒక లెక్క ఉంది: గాల్ దేశమంతా (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) 1,200 మంది రోమన్ సైనికులకు లోబడి ఉందట, అక్కడి పట్టణాలే దాదాపు అంతకంటే ఎక్కువట. భయపెట్టడానికి చేసిన ప్రసంగం కాబట్టి అంకెలో కొంత అతి ఉండొచ్చు. అయినా అసలు సంగతి అబద్ధం కాదు. రోమ్ సామ్రాజ్యంలో అయిదారు కోట్ల జనం ఉంటే, మొత్తం సైన్యం సుమారు 3 లక్షలు. అందులో అధిక భాగం రైన్, డాన్యూబ్, యూఫ్రటీస్ నదుల గట్ల మీదే. లోపలి రాష్ట్రాల్లో గవర్నరు వెంట ఉండేది చిన్న పరివారం, కొద్దిమంది గుమాస్తాలు, కాపలా భటులు.

మరి శాంతి ఎలా నిలిచింది? సైన్యం, రోడ్లు, చట్టం అని మూడు ముక్కల్లో తేల్చేయడం మనకు అలవాటు. ఆ మూడూ ఉన్నాయి, కాదనను. కానీ అవి పనిచేయడానికి కారణం నాలుగోది. రోమ్ పాలన భారాన్ని ఓడిపోయినవాళ్లకే అప్పగించింది, దానికి కూలిగా తన పౌరసత్వాన్ని ఇచ్చింది. ఈ బేరం కుదిరినచోట కత్తి ఒరలోనే ఉంది. తప్పినచోట ఎన్ని లెజియన్లు (రోమన్ సైనిక పటాలాలు) ఉన్నా ఊళ్లు తగలబడ్డాయి.

ఈ పాఠం రోమ్‌కు ఊరికే రాలేదు. క్రీ.పూ. 91లో ఇటలీలోని మిత్ర నగరాలే ఎదురు తిరిగాయి. రోమ్ యుద్ధాలన్నిటికీ మనుషుల్ని పంపినా, ఓటు మాత్రం దక్కనివాళ్లు వాళ్లు. సొంతంగా నాణేలు కొట్టి, వాటి మీద రోమ్ తోడేలును ఇటలీ ఎద్దు కుమ్ముతున్నట్టు చెక్కించారు. యుద్ధం సాగుతుండగానే, మరుసటి ఏడాది, రోమ్ పౌరసత్వ చట్టం తెచ్చింది. అడిగినప్పుడు ఇచ్చి ఉంటే నెత్తురు పారకుండానే పోయేది.

తర్వాతి చక్రవర్తులు దీన్నొక యంత్రంలా బిగించారు. ఆ యంత్రం లోపలి మరలు చూడాలంటే స్పెయిన్‌లోని ఇర్ని అనే ఊరికి వెళ్లాలి. చరిత్రలో ఎక్కడా పేరు వినబడని చిన్న పట్టణం. 1981లో సెవిల్ దగ్గర దాని పురపాలక చట్టం కంచు పలకల మీద దొరికింది, పదింటిలో ఆరు. క్రీ.శ. 91 నాటిది. ఊరి సభలో 63 మంది సభ్యులు. ఏటా ఎన్నికయ్యే అధికారులు. వెయ్యి సెస్టెర్స్‌ల (రోమన్ నాణేల) లోపు తగాదాలు ఊళ్లోనే తీర్చుకోవాలి, పెద్దవి గవర్నరు దగ్గరికి. వీటన్నిటికీ ఇరుసు లాంటి నిబంధన ఇంకొకటుంది: ఊరి పదవి చేసి దిగినవాడు రోమ్ పౌరుడవుతాడు. వాడొక్కడే కాదు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు కూడా.

ఇందులోని తెలివి గమనించండి. పదవి కోసం ఊరి మోతుబరులు పోటీ పడతారు. గెలిచినవాడు సొంత ఖర్చుతో ఆటలు పెట్టిస్తాడు, స్నానశాలలు కట్టిస్తాడు. ఊరి శిస్తు వసూలు భారం కూడా సభ నెత్తినే, తక్కువ పడితే సభ్యుల ఆస్తులకు గండి. రోమ్‌కు జీతం బత్తెం లేకుండా తహసీల్దారు, మునసబు, కరణం అందరూ దొరికారు. ఏటా కొత్త కుటుంబాలు పౌరుల జాబితాలో చేరుతుంటే, తిరుగుబాటుకు నాయకత్వం వహించగల ఇంటికి రోమ్ కూలిపోవడం సొంత నష్టమైపోతుంది.

మోతుబరులకు పదవి ఉంది, మరి పేదవాడికి? ఈ కథలో నాకు అన్నిటికంటే ముచ్చటైన వస్తువు ఇక్కడే వస్తుంది. పౌరులు కానివాళ్లు సహాయక దళాల్లో 25 ఏళ్లు కొలువు చేస్తే పౌరసత్వం వచ్చేది. క్లాడియస్ చక్రవర్తి కాలం నుంచి దానికి కంచు రేకుల మీద ధ్రువపత్రం ఇచ్చేవారు. అరచేతికి కాస్త మించిన రెండు రేకులు, కన్నాల్లోంచి తీగ దూర్చి ముడి, ఆ ముడి మీద ఏడుగురు సాక్షుల ముద్రలు. అదే పాఠం రెండుసార్లు రాసేవారు: బయట చదువుకోవడానికి, లోపల ముద్ర కింద భద్రంగా. ఎవరైనా దిద్దారన్న అనుమానం వస్తే ముద్ర తెంచి రెండూ పోల్చాలి. సైనికుడి పేరు, తండ్రి పేరు, స్వస్థలం, దళం, తేదీ; చివర, ఇది రోమ్‌లో బిగించిన అసలు పలక నుంచి సరిచూసి తీసిన నకలు అన్న వాక్యం. పెళ్లాడిన స్త్రీతో చట్టబద్ధ వివాహ హక్కు కూడా అందులోనే, ఒక్కరికి ఒక్క భార్యకే. ఇలాంటివి ఇప్పటికి వెయ్యికి పైగా బయటపడ్డాయి. చదవడం రాని సైనికుడికి కూడా ఆ రేకు చేతిలో ఉంటే తన బిడ్డ కూడా రోమ్ పౌరుడేనని తెలిసేది.

యంత్రం ఆగిపోయిన సందర్భాలు ఇంకా ఎక్కువ నేర్పుతాయి. రైన్ ఆవలి ఫ్రీసియన్ తెగవాళ్లకు రోమ్ వేసిన పన్ను చాలా తేలిక: సైన్యం అవసరాలకు ఎద్దుతోళ్లు. ఎంత పొడవు, ఎంత మందం అని అంతవరకూ ఎవరూ కొలవలేదు. ఒలెన్నియస్ అనే సైనికాధికారి వచ్చి, అడవి ఎద్దు తోలునే కొలతగా పెట్టాడు. వాళ్ల దొడ్లలో ఉన్నవి చిన్న పశువులు. తోళ్లు చాలక ముందు పశువుల్నే ఇచ్చారు, తర్వాత పొలాలు, చివరికి పెళ్లాం బిడ్డల్ని బానిసలుగా. క్రీ.శ. 28లో శిస్తుకు వచ్చిన సైనికుల్ని ఉరికొయ్యలకు వేలాడదీశారు. ఆ పోరులో ఒక్క తోపులోనే 900 మంది రోమన్లు చచ్చారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. పన్ను రేటు మారలేదు, కొలబద్ద మారింది, అంతే.

బ్రిటన్‌లో ఐసెనీ తెగ రాజు ప్రసుటాగస్ తన ఇద్దరు కూతుళ్లతో పాటు చక్రవర్తి నీరోను కూడా వారసుడిగా వీలునామా రాసి పోయాడు, అలాగైనా రాజ్యం దక్కుతుందని. దాన్ని పక్కన పడేసి అధికారులు రాజ్యాన్ని దోచారు. రాణి బూడికాను కొరడాలతో కొట్టారు, కూతుళ్లను చెరిచారు, పెద్దల ఆస్తులు లాక్కున్నారు. క్రీ.శ. 60–61లో మూడు పట్టణాలు బూడిదయ్యాయి. టాసిటస్ లెక్కలో చచ్చినవాళ్లు 70,000 మంది. ఆ తర్వాత గవర్నరు పగ తీర్చుకునే పనిలో ఉంటే, కొత్తగా వచ్చిన ఆర్థికాధికారి క్లాసిసియానస్ అతణ్ని మార్చాలని నీరోకు రాశాడు. చివరికి గవర్నరు మారాడు. ఈ క్లాసిసియానస్ సమాధి రాయి లండన్‌లో దొరికింది. దాని మీద భార్య పేరు జూలియా పకాటా. ఆమె తండ్రి ఇండస్ గాల్ దేశపు మనిషి, క్రీ.శ. 21లో అక్కడి తిరుగుబాటును అణచడంలో రోమ్ పక్షాన పోరాడినవాడు. పకాటా అంటే 'శాంతింపబడినది'. కూతురికి ఆ పేరు పెట్టుకున్న వంశపు అల్లుడే బ్రిటన్‌లో పగను ఆపమన్నాడు.

ఎదురు వాదన నాకు తెలుసు. క్రీ.శ. 23 నాటికి రైన్ మీద ఎనిమిది లెజియన్లు ఉన్నాయి, అవి జర్మన్లకే కాదు గాల్‌కూ కాపలా అని టాసిటసే ఒప్పుకున్నాడు. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టింది రోమన్లే. మూడు లెజియన్లను అడవిలో మట్టుబెట్టిన జర్మన్ నాయకుడు అర్మీనియస్ స్వయంగా రోమ్ పౌరుడు. అన్నీ నిజాలే. భయం వెనకాల ఉంది. కానీ భయం ఒక తరాన్ని అణచగలదు, పది తరాల చేత శిస్తు కట్టించలేదు. అర్మీనియస్ లేచింది కూడా, ఇంకా కుదుటపడని నేల మీద రోమన్ గవర్నరు వారుస్ పాత రాష్ట్రంలో లాగా శిస్తు, కోర్టులు పెట్టబోయినప్పుడే.

రోమ్ బలం ఎక్కడుందో శత్రువులకు ముందే అర్థమైంది. రోమ్ మీదికి దండెత్తిన కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో చేతులు కలిపిన మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్, క్రీ.పూ. 214 ప్రాంతంలో లారిస్సా నగరానికి రాసిన ఉత్తరం రాతి మీద చెక్కి ఉంది. రోమన్లను చూడండి, విడుదలైన బానిసలకు కూడా పౌరసత్వం ఇస్తారు, అందుకే అంత పెరిగారు; మీ ఊళ్లో కాపురమున్న బయటివాళ్లను మీరూ చేర్చుకోండి, అని.

ఈ ఉత్తరం ఇవాళ చాలా రాజధానులకు పంపాలి. నిజామాబాద్ నుంచో జగిత్యాల నుంచో గల్ఫ్‌కు వెళ్లి పాతికేళ్లు భవనాలు కట్టినవాడికి చివర దక్కేది సర్వీసు డబ్బు, తిరుగు టికెట్టు. అంతకాలం అతని వీసా యజమాని చేతిలో ఉంటుంది. అమెరికాలో మన ఇంజనీర్లది మరో రకం నిరీక్షణ. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే పరిమితి కాబట్టి, భారతీయుల వరస దశాబ్దాల పొడవు. రోమ్ క్రూరమైన రాజ్యమే, ఆ మాటకొస్తే బానిసల చెమట మీద బతికిన రాజ్యం. కానీ సిరియా విలుకాడికి బ్రిటన్ సరిహద్దు గోడ మీద నిలబడేటప్పుడు ఎన్నేళ్లకు ఏం వస్తుందో అంకె తెలుసు. మన డల్లాస్ తండ్రికి ఆ అంకె ఎవరూ చెప్పరు. బిడ్డకు 21 నిండితే తండ్రి దరఖాస్తులోంచి జారిపోతుందన్నదొక్కటే తెలుసు.

బిడ్డల విషయంలో రోమ్ కూడా చేయి బిగించింది. క్రీ.శ. 140 ప్రాంతంలో ఆంటోనినస్ పయస్ చక్రవర్తి ఆ కంచు రేకుల్లోంచి పిల్లల మాట తీసేయించాడు. అప్పటి నుంచి సహాయక దళంలో తండ్రి 25 ఏళ్లు పూర్తిచేసి పౌరుడైనా, కొలువులో ఉండగా పుట్టిన కొడుకు పౌరుడు కాడు. ఆ కొడుక్కి అందరికంటే దగ్గరి దారి, తనూ సైన్యంలో చేరి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవడం.